ఇంటికి పెద్ద టీవీ కొంటున్నారా? ముందు రోగి మంచం ఎక్కడో చూడండి

(రోగుల కుటుంబ సభ్యులకు వార్డులో ఇచ్చిన ఆరోగ్య ప్రసంగం)



ఈ రోజు షుగరు గురించో, బి.పి. గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. నేను టీవీ గురించి చెప్పబోతున్నాను. ఆసుపత్రిలో టీవీ సంగతి ఎందుకని నవ్వకండి. డిశ్చార్జి రోజున మందుల చీటీ చేతికి ఇస్తుంటే మీలో చాలామంది నన్ను అడిగే మాట ఒకటుంది: "సిస్టరమ్మా, నాన్నగారు మంచంలోనే ఉంటారు కదా, కాలక్షేపానికి పెద్ద టీవీ ఒకటి కొందామనుకుంటున్నాం. మంచిదేనా?"

ఇన్నేళ్లూ "మంచిదేనమ్మా" అని ఒక్క మాటతో పంపేసేదాన్ని. ఇప్పుడు అలా పంపను. ఎందుకో చెబుతాను.

ఒక ఇంటి సంగతి

అరవై దాటిన ఒక పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది గాని, తిరిగి చెప్పడానికి మాట రాదు. పది రోజులు మన దగ్గర ఉండి ఇంటికి వెళ్లారు. ఇద్దరు కొడుకులూ తండ్రి మీద ప్రేమతో 43 అంగుళాల టీవీ వాయిదాల మీద కొని, ఆయన మంచానికి ఎదురుగా గోడకు బిగించారు.

మూడు వారాలకు ఆయన్ని మళ్లీ తీసుకొచ్చారు. జ్వరం, ఆయాసం. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. తిరగేసి చూస్తే నడుము కింద అరచేతి వెడల్పున పుండు.

ఏం జరిగిందని కోడలిని నెమ్మదిగా అడిగాను. ఆ అమ్మాయి ఏడుస్తూ చెప్పింది. "టీవీ పెడితే మామయ్యగారు కదలకుండా చూస్తూ ఉండేవారండీ. ఊరుకున్నారు కదా అని మేం పనుల్లో పడిపోయాం. అన్నం కూడా టీవీ చూపిస్తూనే పెట్టేదాన్ని. అప్పుడప్పుడు పొలమారేది. అటు పక్కకు తిప్పి పడుకోబెడితే టీవీ కనబడదని విసుక్కునేవారు. అందుకని తిప్పడం మానేశాం."

ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. డబ్బు ఖర్చు పెట్టారు, ప్రేమ చూపించారు. తప్పు నాది కూడా. మందులు ఎప్పుడెప్పుడు వేయాలో చదివి చెప్పాను గాని, మంచం ఎక్కడ వేస్తారు, దాని ఎదురుగా ఏముంటుంది అని ఆ రోజు నేను అడగలేదు. అప్పటి నుంచి ప్రతి ఇంటివాళ్లనూ అడుగుతున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. టీవీ కొనండి, వద్దనను. కాని అది రోగికి తోడుగా ఉండాలి. రోగి దగ్గర మనం ఉండాల్సిన చోటును అది తీసుకోకూడదు.

ముందు ఖర్చు లెక్క

గోపురం కట్టబోయేవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం మందిరానికి వచ్చేవారికి తెలుసు. రానివారికీ ఆ బుద్ధి ఇంట్లో పెద్దలు చెప్పే ఉంటారు. డిశ్చార్జి అయిన మొదటి మూడు నెలలు మందులు, పరీక్షలు, ఫిజియోథెరపీ, ఆటో ఖర్చులు వరుసగా ఉంటాయి. ఆ లెక్క కాగితం మీద వేశాకే టీవీ లెక్క వేయండి.

"వడ్డీ లేని వాయిదాలు" అని షాపులో చెబుతారు. అలాంటి పథకాల్లో వడ్డీ ఇంకో రూపంలో దాగి ఉంటుందని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించింది. ప్రాసెసింగ్ ఫీజు ఎంత, రొక్కం ఇస్తే ఎంత తగ్గిస్తారు, ఒక నెల వాయిదా తప్పితే ఎంత జరిమానా, ఈ మూడూ అడగండి. 24,000 రూపాయల టీవీకి నెలకు 2,000 చొప్పున సంవత్సరం కట్టాలనుకోండి. ఆ రెండు వేలు నెలనెలా మీ మందుల డబ్బాలోంచి తీయాల్సి వస్తుందా? వస్తుందంటే ఆ టీవీ ఇప్పుడు వద్దు. వాయిదా కట్టడానికి బి.పి. మాత్ర రోజు విడిచి రోజు వేసుకున్నవాళ్లను నేను చూశాను. పక్షవాతం రెండోసారి వచ్చేది అలాంటి ఇళ్లలోనే.

కరెంటు సంగతి కూడా చూడండి. 80 వాట్ల టీవీ రోజుకు 5 గంటలు నడిస్తే నెలకు 12 యూనిట్లు అవుతుంది. పన్నెండు గంటలు నడిస్తే దాదాపు 29 యూనిట్లు. కొనేటప్పుడు పెట్టె మీద స్టార్ గుర్తు ఉన్న కాగితం చూడండి. నక్షత్రాలు ఎక్కువైతే కరెంటు తక్కువ తింటుంది. బిల్లు, వారంటీ కార్డు జాగ్రత్త పెట్టండి. షాపువాళ్లు మాట తప్పితే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు.

ఎంత పెద్దది కావాలి?

టీవీ కొలతను ఒక మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా కొలుస్తారు. 32 అంగుళాలంటే సుమారు 80 సెంటీమీటర్లు. 43 అంగుళాలంటే సుమారు 108 సెంటీమీటర్లు. పాత పెట్టె టీవీలో బొమ్మ వెడల్పు, ఎత్తు 4కు 3 చొప్పున ఉండేవి. ఇప్పటి పలక టీవీల్లో 16కు 9. అందుకే ఇవి వెడల్పుగా ఉంటాయి, ఎత్తు తక్కువ. పాత 29 అంగుళాల టీవీలో బొమ్మ ఎత్తు సుమారు 17 అంగుళాలు ఉండేది. కొత్త 32 అంగుళాల దానిలో 16కు కాస్త తక్కువే. "పెద్దది కొన్నాం, అక్షరాలు మాత్రం చిన్నగానే ఉన్నాయి" అని ముసలివాళ్లు అనడానికి ఇదొక కారణం.

షాపులో గది పెద్దది, టీవీ చిన్నదిగా కనిపిస్తుంది. ఇంటికి తెస్తే గోడ నిండిపోతుంది. అందుకని వెళ్లే ముందు టేపుతో కొలవండి. చూసే మనిషి కళ్ల నుంచి గోడ దాకా 4 నుంచి 6 అడుగులుంటే 32 అంగుళాలు చాలు. 6 నుంచి 8 అడుగులుంటే 43 సరిపోతుంది. 43 అంగుళాల టీవీ వెడల్పు మూడడుగుల పైచిలుకు, ఎత్తు రెండడుగుల లోపు. ఆ కొలతకు పాత న్యూస్ పేపర్లు అతికించి గోడకు పెట్టి చూడండి. మంచం నుంచి, కుర్చీ నుంచి, నేల మీది చాప నుంచి ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

షాపులో ఎదురుగానే కాదు, పక్కకు జరిగి కూడా చూడండి. కొన్ని టీవీల్లో పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. మంచంలో ఉన్నవాళ్లు చాలాసార్లు పక్క నుంచే చూస్తారు. మాట స్పష్టంగా వినబడుతుందా అన్నదీ చూసుకోండి. పలుచని టీవీల్లో స్పీకర్లు చిన్నవి, కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. చప్పుడు ఎక్కువ, మాట తక్కువ. రిమోటు మీద అక్షరాలు రోగికి కనబడుతున్నాయో లేదో కూడా చూడండి.

4కె కావాలా, మామూలుది చాలా అని కూడా అడుగుతారు. మీ అమ్మగారికి కంటిలో శుక్లం ఉంటే 4కె పెట్టినా మసకగానే కనిపిస్తుంది. ముందు కంటి డాక్టరుకు చూపించండి.

ఎక్కడ పెట్టాలి?

రోగి పడుకునే గదిలో కాకుండా ముందు గదిలో పెట్టండి. లేచి కూర్చోగలిగిన రోగికి టీవీ దగ్గరకు రావడమే ఒక వ్యాయామం. చేయి పట్టుకుని నాలుగడుగులు నడిపించి కుర్చీలో కూర్చోబెట్టండి. ఒకటే గది ఉన్న ఇళ్లు చాలా ఉంటాయి. అప్పుడు మంచం తల వైపు, కాళ్ల వైపు మార్చి వేయడానికి వీలుండేలా చూసుకోండి. అలా మారిస్తే, రోగిని ఏ పక్కకు తిప్పినా కొంతసేపు టీవీ కనబడుతుంది.

ఎత్తు సంగతి. చాలా ఇళ్లలో దేవుడి పటంలాగా పైకప్పు దగ్గర బిగిస్తారు. తల ఎత్తి చూసి చూసి మెడ పట్టేస్తుంది. కూర్చున్న మనిషి కళ్ల ఎత్తుకు తెర మధ్యభాగం రావాలి. కుర్చీలో కూర్చునేవాళ్లకు నేల నుంచి మూడున్నర, నాలుగడుగులు. చాప మీద కూర్చునే ఇంట్లో ఇంకా తక్కువ.

కిటికీకి ఎదురుగా ఉన్న గోడకు పెడితే తెర మీద వెలుగు పడుతుంది. అప్పుడు ఏం చేస్తారు? కిటికీ మూసి పరదా వేస్తారు. ఇంట్లో క్షయ రోగి ఉంటే అది ఎంత ప్రమాదమో ఆలోచించండి. గాలి, వెలుతురు ఆడే గదిలో క్షయ ఇంకొకరికి అంటుకోవడం తగ్గుతుంది. మూసిన గదిలో పెరుగుతుంది. కిటికీ ఉన్న గోడకు పక్క గోడను టీవీకి ఇవ్వండి. కిటికీ తెరిచే ఉంచవచ్చు.

ఇప్పుడు పిల్లల తల్లులు బాగా వినండి. పాత టీవీ బరువుగా, బల్ల మీద కుదురుగా ఉండేది. పలక టీవీ పలుచన. 43 అంగుళాలది కూడా చాలావరకు పది కిలోల లోపే. రెండు చిన్న కాళ్ల మీద నిలబడుతుంది. రెండేళ్ల బిడ్డ పట్టుకుని లాగితే ముందుకు వాలిపోతుంది. అది పడేది బిడ్డ తల మీదే. ఇలాంటి ప్రమాదాల వల్లే అమెరికాలో 2015లో టీవీలను, బీరువాలను గోడకు కట్టి ఉంచమని ప్రభుత్వమే ప్రచారం మొదలుపెట్టింది. మీరు కూడా ఇటుక గోడకు బ్రాకెట్టుతో గట్టిగా బిగించండి. ప్లైవుడ్ తడికకు బిగించవద్దు. అద్దె ఇల్లు కాబట్టి గోడకు రంధ్రం పెట్టలేమంటే, టీవీని బరువైన పొట్టి బల్ల మీద వెనక్కు జరిపి పెట్టి, వెనుక నుంచి పట్టీతో బల్లకు కట్టండి. టీవీ బల్ల మీద బొమ్మలు, బిస్కెట్లు, రిమోటు పెట్టవద్దు. వాటి కోసమే పిల్లలు ఎక్కుతారు.

తల మీద దెబ్బ తగిలాక పదేపదే వాంతులు, మగత, ఫిట్స్, చెవి ముక్కుల నుంచి రక్తం గాని నీరు గాని కారడం, వీటిలో ఏది కనబడినా ఇంట్లో ఉంచవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

కరెంటు జాగ్రత్తలు

ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఉన్నవాళ్లు ఉన్నారా? దాన్నీ టీవీనీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించవద్దు. ఆ మిషను టీవీ కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. వైరు వేడెక్కుతుంది. పిల్లలు టీవీ కట్టేయబోయి ఆక్సిజన్ స్విచ్ కట్టేయవచ్చు. మిషనుకు గోడలోని విడి సాకెట్ ఉండాలి. టీవీకి ఎర్తు ఉన్న మూడు పిన్నుల సాకెట్ వాడండి. రోగి నడిచే దారికి అడ్డంగా వైర్లు ఉండకూడదు. చేతికర్రతో నడిచేవాళ్లు వైరుకు కాలు తగిలి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు.

ఉరుములు, పిడుగులు వచ్చే వేళ ప్లగ్గూ కేబులు వైరూ రెండూ పీకేయండి. టీవీ నడుస్తున్నప్పుడు గుడ్డ కప్పవద్దు. రోగి చేతులకు వాడే స్పిరిటు, శానిటైజరు తెర మీద రుద్దవద్దు. పొడి మెత్తటి గుడ్డ చాలు. పాత పెట్టె టీవీ మూలన పడి ఉంటే పగలగొట్టవద్దు. దాని గాజులో సీసం ఉంటుంది. పిల్లల చేతికి అందకుండా ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇచ్చేయండి.

ఏ రోగికి ఏ జాగ్రత్త?

పక్షవాతం వచ్చినవాళ్లు: అన్నం పెట్టేటప్పుడు టీవీ కట్టేయాలి. ఇది ఖచ్చితంగా పాటించండి. పక్షవాతంలో మింగే శక్తి కూడా దెబ్బతింటుంది. ధ్యాస తెర మీద ఉంటే మెతుకు గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు పెట్టి, మింగారని చూసి తరువాతి ముద్ద పెట్టండి. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచండి. పొలమారినా, గొంతు తడితడిగా వినిపించినా ఆపి మాకు చెప్పండి. కొందరికి ఒక పక్కన ఉన్నది గమనికకే రాదు. టీవీ ఏ పక్క ఉండాలో ఫిజియోథెరపీ వారిని అడిగి పెట్టండి.

మాట పోయినవాళ్లకు టీవీ మాట నేర్పదు. అది చెబుతూ పోతుందే గాని జవాబు కోసం ఆగదు. మాట తిరిగి రావాలంటే ఎదుటి మనిషి అడగాలి, ఆగాలి, ఓపిక పట్టాలి. కలిసి ఒక కార్యక్రమం చూడండి. కట్టేసి, "నాన్నా, ఆ పిల్ల ఇంటికి వెళ్లిందా?" అని అడగండి. అవునని తల ఊపినా అది మాటే. ఆయన వెతుక్కుంటుంటే మీరు తొందరపడి అందించవద్దు.

మంచం పట్టినవాళ్లు: ప్రతి రెండు గంటలకు పక్క మార్చాలి. గడియారం చూడడం మరిచిపోతాం గాని సీరియలు మరిచిపోం కదా. అరగంట సీరియళ్లు నాలుగు అయ్యేసరికి ఒకసారి పక్క మార్చాలని గుర్తు పెట్టుకోండి. ప్రకటనలు వచ్చినప్పుడల్లా పాదాలు పైకీ కిందికీ పదిసార్లు ఆడించమని చెప్పండి. ఆపరేషను అయినవాళ్లకు కూడా ఇది మంచిది. కదలకుండా ఉంటే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే తీసుకురండి.

షుగరు ఉన్నవాళ్లు: ఇన్సులిన్ వేసుకుని, "ఈ సీరియల్ అయ్యాక తింటాలే" అని కూర్చోవద్దు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే తెలివి ఉన్నప్పుడే పంచదార నీళ్లు తాగించండి. టీవీ ముందు జంతికలు, మిక్చరు గిన్నె కూడా వద్దు. కళ్లు తెర మీద ఉంటే చేయి ఎంత తీసిందో తెలియదు.

మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు: తెర మీది గొడవ తమ ఇంట్లోనే జరుగుతోందని భయపడతారు. ఆపిన టీవీ నల్లటి తెరలో తమ నీడ చూసి ఎవరో వచ్చారంటారు. హత్యల వార్తలు, అరుపులు పెట్టవద్దు. పాత పాటలు మంచివి. చీకటి పడ్డాక తెర మీద గుడ్డ వేసి ఉంచండి.

ఫిట్స్ ఉన్నవాళ్లు: అందరికీ కాదు గాని కొందరికి వెలుగు గబగబా మెరిస్తే ఫిట్స్ వస్తాయి. జపానులో 1997 డిసెంబరు 16న పిల్లల కార్టూను ఒకదానిలో ఎరుపు, నీలం మెరుపులు చూసి ఆరు వందల మందికి పైగా పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. చీకటి గదిలో, దగ్గరగా కూర్చుని చూడనివ్వవద్దు. లైటు వేసి ఉంచండి. మెరుపులు వస్తే ఒక కన్నును అరచేత్తో పూర్తిగా మూసుకుని తల తిప్పుకోమనండి.

చిన్నపిల్లలు: రెండేళ్ల లోపు బిడ్డకు టీవీ అసలు వద్దని, మూడు నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రోగి కోసం పెట్టిన టీవీ ముందు ఉయ్యాల వేసే ఇళ్లు చూస్తున్నాం. తాత చూసే పన్నెండు గంటలూ ఆ బిడ్డ కూడా చూస్తున్నట్టే.

అందరికీ: నిద్రపోయే గంట ముందు కట్టేయండి. నిద్ర కూడా మందులాంటిదే.

టీవీ చెప్పే రోగాలు

టీవీ వల్ల ఒక మేలు కూడా ఉంది. ఇంట్లో దాగిన జబ్బును బయటపెడుతుంది. పిల్లవాడు రోజూ తెర దగ్గరకు జరిగి కూర్చుంటున్నాడా? తిట్టవద్దు, కంటి పరీక్ష చేయించండి. దగ్గరగా చూడడం వల్ల చూపు పోయిందనుకుంటాం గాని, చాలాసార్లు చూపు తగ్గినందువల్లే దగ్గరగా చూస్తాడు. ముసలమ్మ సౌండు పెంచుతూ పోతోందా? చెవి పరీక్ష చేయించండి. మా అమ్మ విషయంలో ఇది నాకే ఆలస్యంగా తట్టింది. ఏడాది పాటు సౌండు తగ్గించమని ఆవిడతో గొడవపడ్డాను గాని చెవి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లలేదు. ఎప్పుడూ వార్తలు చూసే మనిషి హఠాత్తుగా టీవీ కూడా వద్దని గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడా? మనసు కుంగిందేమో డాక్టరు గారికి చెప్పండి.

టీవీ నుంచి కిరణాలు వచ్చి జబ్బు పెరుగుతుందా అని కూడా అడుగుతారు. పాత పిక్చర్ ట్యూబులో కొద్దిగా ఎక్స్‌రే పుట్టే వీలుండేది. దాన్ని గాజులోని సీసం ఆపేది. ఇప్పటి ఎల్.ఇ.డి. టీవీలో ఆ ట్యూబే లేదు. ఆ భయం అక్కర్లేదు. గంటల తరబడి కదలకుండా కూర్చోవడానికే భయపడాలి.

చివరి మాట

1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఉపగ్రహం ద్వారా దేశంలోని 2,400 గ్రామాలకు టీవీ చూపించారు. మన తెలుగు పల్లెలు కూడా అందులో ఉన్నాయి. ఊరికి ఒకటే టీవీ. ఊరంతా కలిసి ఆరోగ్యం గురించి, వ్యవసాయం గురించి చూశారు. ఇప్పుడు ఇంటికో టీవీ, అరచేతికో తెర. ఊరంతా కలవడం ఇక కుదరదు. కనీసం ఒక ఇంటివాళ్లమైనా కలిసి చూద్దాం.

ఆ పెద్దాయన సంగతి చెప్పి ముగిస్తాను. నిమ్ము తగ్గింది. పుండు మానడానికి రెండు నెలలకు పైగా పట్టింది. కొడుకులు టీవీని ముందు గదిలోకి మార్చారు. సాయంత్రం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి అందరూ గంటన్నర చూస్తారు. తరువాత కట్టేసి అన్నం పెడతారు. మనవరాలు రోజూ బడి కబుర్లు చెప్పి, "తాతా, నా పేరేంటి?" అని అడిగేది. మొన్న చెకప్‌కు వచ్చినప్పుడు ఆయన ఆ పిల్లను పేరు పెట్టి పిలిచారు. పూర్తి వాక్యాలు ఇంకా రావు. కుడి చేయి ఇంకా లేవదు. కాని ఆ పేరు మాత్రం మేమందరం విన్నాం.

సువార్తల్లో పక్షవాయువు గల మనిషిని నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి ప్రభువు ముందుకు దించిన సంగతి ఉంది. ఆ రోగికి ఉన్న భాగ్యం ఆ నలుగురే. మీ ఇంట్లో రోగికి మీరే ఆ నలుగురు.

ఇంటికి వెళ్లేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి:

1. మందుల ఖర్చు తీశాక మిగిలితేనే టీవీ.
2. కొలిచి కొనండి. కళ్ల ఎత్తున, గోడకు గట్టిగా బిగించండి.
3. కిటికీ మూయించే చోట, రోగి తలగడ ఎదుట పెట్టవద్దు.
4. ఆక్సిజన్ మిషనుకు, టీవీకి వేర్వేరు సాకెట్లు.
5. అన్నం పెట్టేటప్పుడు, మాట్లాడేటప్పుడు, నిద్రకు గంట ముందు టీవీ కట్టేయండి.
6. రెండు గంటలకు ఒకసారి పక్క మార్చండి.
7. రోజుకు ఒక్కసారైనా రోగి పక్కన కూర్చుని ఆయన ముఖం చూసి మాట్లాడండి.

మీ ఇంట్లో జబ్బుతో ఉన్నవారికి దేవుడు త్వరగా స్వస్థత ఇవ్వాలని, చూసుకునే మీకు ఓపిక ఇవ్వాలని మా ప్రార్థన. సందేహాలుంటే వార్డులో ఏ సిస్టరునైనా అడగండి. మంచం ఎక్కడ వేస్తున్నారో మాత్రం వెళ్లే ముందు నాకు చెప్పి వెళ్లండి.